రెండోసారి చూసిన నోరు

దంతవైద్యంలో ఎండీఎస్ మొదటి సంవత్సరం పిల్లలు థీసిస్ సినాప్సిస్‌లు పట్టుకుని నా గదికి వచ్చే రోజులివి. జ్ఞానదంతం తీసిన చోట ఫలానా జెల్ పెడితే వాపు తగ్గుతుందా, దవడ విరిగినప్పుడు ఒక ప్లేటు సరిపోతుందా రెండు బిగించాలా, గుట్కా తిని నోరు తెరుచుకోనివాళ్ళకి ఏ ఇంజెక్షన్ మేలు... విషయాలు మంచివే. నేను మాత్రం ముందు ఫాలోఅప్ ఎన్నాళ్ళని రాశారో వెతుకుతాను. చాలావాటిలో మూడు నెలలు, మహా అయితే ఆరు నెలలు. కోర్సు మూడేళ్ళు. ఎథిక్స్ కమిటీ అనుమతి, కేసులు దొరకడం, లెక్కలు, బైండింగు పోగా మిగిలేది అంతే. ఇది పిల్లల తప్పు కాదు. కానీ ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నాక నాకు గట్టిగా అనిపించేది ఒకటే. నోటికి సంబంధించిన పరిశోధనలో అన్నిటికన్నా కష్టమైన పని, అన్నిటికన్నా విలువైన పని, చూసిన నోటిని ఏడాది తర్వాత మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళి చూడటం.

ఈ మాట వచ్చినప్పుడల్లా పిల్లలకి శ్రీకాకుళం సంగతి చెబుతాను.

ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళు చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం, అడ్డపొగ, అక్కడివాళ్ళకి కొత్త కాదు. నుసి రాలదని, గాలికి ఆరిపోదని, నలుగురికీ కనపడదని రకరకాల కారణాలు చెబుతారు. ఆ వేడీ పొగా సూటిగా తగిలేది అంగిలికి. మామూలుగా మన దేశంలో నోటి క్యాన్సర్ బుగ్గ లోపల, నాలుక మీద, చిగుళ్ళ దగ్గర కనిపిస్తుంది. గట్టి అంగిలి మీద రావడం అరుదు. అలాంటిది ఈ ప్రాంతంలో అంగిలి మీదే వస్తోందని ముందు గమనించింది మన వైద్యులే. కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కీ ఈ అలవాటుకీ ఉన్న సంబంధం గురించి డి. గోవిందరెడ్డి, వి.కె. రావు 1957లోనే వ్యాసం ప్రచురించారు. అయితే ఆసుపత్రిలో కూర్చుని చెప్పగలిగింది కొంతే. పుండు పడి, ముద్ద మింగుడు పడనప్పుడే మనిషి ఆసుపత్రికి వస్తుంది. రోజూ అడ్డపొగ తాగుతూ ఏ బాధా లేకుండా ఇంటిపని చేసుకునే వేలమంది అంగిళ్ళు ఎలా ఉన్నాయో ఓపీ చీటీల్లో దొరకదు.

అందుకని ఇళ్ళకే వెళ్ళారు. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ అంటే అందరికీ అణుశాస్త్రం గుర్తొస్తుంది గానీ, అక్కడే బేసిక్ డెంటల్ రీసెర్చ్ యూనిట్ కూడా ఉండేది. ఫలీ మెహతా దాన్ని నడిపారు. కోపెన్‌హాగెన్ నుంచి యెన్స్ పిండ్‌బోర్గ్ తోడయ్యారు. 1960ల రెండో సగంలో కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్, అప్పటి బీహార్‌లో దర్భంగా, సింగ్‌భూమ్, మన శ్రీకాకుళం, ఈ ఐదు జిల్లాల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 50,000 మందికి పైగా నోళ్ళు పరీక్షించారు. శ్రీకాకుళం ఫలితాలు 1971లో విడిగా అచ్చయ్యాయి. చూసినవాళ్ళు 10,169 మంది. వాళ్ళలో 43.8 శాతం మందికి అడ్డపొగ అలవాటుంది.

ఆ అంకె దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. పదివేల పైచిలుకు మంది! ఊరు కాని ఊరి నుంచి వచ్చిన డాక్టరు గుమ్మం ముందు నిలబడి, నొప్పీ గిప్పీ ఏమీ లేని మనిషిని చుట్ట పక్కన పెట్టి నోరు తెరవమనాలి. తల వెనక్కి వంచమని అంగిలి చూడాలి. అంగిలి మీద తెల్లబడిన చోటు, ఎర్రబడిన చోటు, రంగు పోయిన చోటు వేరువేరుగా గుర్తించి రాయాలి. పక్క ఊళ్ళో మరో డాక్టరు కూడా అచ్చం అదే పద్ధతిలో రాయాలి. ఈ ఓర్పుని నేను ఆపరేషన్ నైపుణ్యం కన్నా తక్కువగా ఎన్నడూ అనుకోలేదు.

అక్కడితో ఆగిపోయుంటే అదొక మంచి సర్వే అయ్యేది. కానీ వాళ్ళు పదేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. తెల్లమచ్చని చూడగానే ఇది క్యాన్సర్ అవుతుంది, ఇది కాదు అని ఎంత అనుభవమున్న డాక్టరైనా ఖాయంగా చెప్పలేడు. బయాప్సీ కూడా ఆ రోజు సంగతే చెబుతుంది. ఏ మచ్చ ఏమవుతుందో ఏళ్ళ తరబడి వెంట ఉంటేనే తేలుతుంది. అలా వెంట ఉన్నందువల్లే, కొత్తగా వచ్చిన క్యాన్సర్లు చాలావరకు ముందే ఏదో ఒక మచ్చ ఉన్న నోళ్ళలో వచ్చాయని బయటపడింది. ఇవాళ మా ఓపీలో తెల్లమచ్చ కనిపించగానే మేం కంగారుపడటానికి ఆధారం అలాంటి పల్లెల్లోంచే వచ్చింది.

తర్వాతి అడుగు ఇంకా పెద్దది. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం ప్రాంతాల్లో పొగాకు వాడే 36,471 మందిని ఎంచుకుని, ఏటా పరీక్షిస్తూ, ఎదురుగా కూర్చుని మాట్లాడుతూ, ప్రచారం చేస్తూ మాన్పించడానికి ప్రయత్నించారు. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి. ముందటి బృందంతో పోలిస్తే అలవాటు మానినవాళ్ళు, తగ్గించినవాళ్ళు బాగా ఎక్కువ. పోలిక మాత్రం అదే ప్రాంతాల్లో అంతకుముందు గమనించినవాళ్ళ మొదటి ఐదేళ్ళతో చేశారు. కాలం మారితే అలవాట్లూ వాటంతటవే కొంత మారతాయి కదా అని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. కానీ ఒకే ఊళ్ళో సగం ఇళ్ళకి పొగాకు ముప్పు గురించి చెప్పి, మిగతా సగం చెవిన పడకుండా ఆపడం ఎవరి తరం? బావి దగ్గర ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. ఉన్న పరిస్థితిలో వాళ్ళు ఎంచుకున్న దారి నిజాయితీగా ఉందనే నా అభిప్రాయం.

ఇక మా కాలేజీల్లో జరిగే పరిశోధనకి వస్తాను. నోరు పరిశోధకుడికి ఒక గొప్ప వెసులుబాటు ఇస్తుంది. రెండు పక్కలా ఒకే రకం జ్ఞానదంతాలు అడ్డం తిరిగి ఉంటే, ఒక పక్క ఒక పద్ధతి, ఇంకో పక్క ఇంకో పద్ధతి వాడి పోల్చవచ్చు. మనిషి ఒకరే, వయసూ ఎముకా ఓపికా ఒకటే. అయితే మందు బిళ్ళ రక్తంలో కలిసి రెండు పక్కలకీ పోతుంది కాబట్టి, మాత్రల్ని పోల్చాలంటే ఒకే రోజు రెండు పక్కలా తీయడం పనికిరాదు. వాటి మధ్య ఎడం ఉండాలి. ఎడం పెడితే, మొదటిసారి నొప్పి అనుభవించినవాళ్ళలో కొందరు రెండోసారికి రారు.

కొలతల గోల ఇంకోటి. నోరు ఎంత తెరుచుకుంటోందో కొలవడం చూడటానికి తేలిక. పై, కింది ముందుపళ్ళ అంచుల మధ్య స్కేలు పెట్టి మిల్లీమీటర్లు రాయాలి. ఒక పీజీ రోగి తనంతట తెరిచినంత కొలుస్తాడు. ఇంకొకామె వేలితో కాస్త సాయంపట్టి తెరిపించి కొలుస్తుంది. తేడా మూడు నాలుగు మిల్లీమీటర్లు వస్తుంది. కొన్నిసార్లు మందు చూపించే గుణం కూడా అంతే ఉంటుంది! అందుకే కేసులు మొదలుపెట్టకముందు ఇద్దరినీ కూర్చోబెట్టి, అవే నోళ్ళని ఒకరికి తెలియకుండా ఒకరితో కొలిపించి, అంకెలు కలిసేదాకా వదలను. వాళ్ళకి విసుగొస్తుంది. రానివ్వండి.

దవడ, మెడ శస్త్రచికిత్సలో నాకు అన్నిటికన్నా గౌరవమున్న అధ్యయనం బొంబాయి టాటా మెమోరియల్‌లో జరిగింది. నోట్లో క్యాన్సర్ చిన్నది. మెడ తడిమితే బిళ్ళలేవీ తగలవు. నోటి గడ్డతోపాటు మెడలోని లింఫ్ గ్రంథుల్ని కూడా అప్పుడే తీసేయాలా? లేక చూస్తూ ఉండి, బిళ్ళ కట్టినప్పుడు తీయాలా? ముందే తీస్తే కొందరికి అనవసరంగా భుజం బలం తగ్గుతుంది. ఆగితే కొందరికి చేయి దాటిపోతుంది. దశాబ్దాలపాటు ప్రపంచమంతా ఎవరికి తోచింది వాళ్ళు చేశారు. అనిల్ డిక్రూజ్ బృందం 2004 నుంచి 2014 వరకు రోగుల్ని చేర్చుకుని, ఎవరికి ఏ పద్ధతో రాండమైజేషన్‌కి వదిలేసింది. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 500 మంది ఫలితాలు వచ్చాయి. మెడ గ్రంథులు ముందే తీసినవాళ్ళలో మూడేళ్ళకి బతికున్నవారు 80 శాతం. ఆగి చూసినవాళ్ళలో 67.5 శాతం. అంటే ఎనిమిది మందికి ముందే తీస్తే ఒక ప్రాణం అదనంగా నిలుస్తుంది. ఆపరేషన్ తర్వాత రోగిని ఎలా గమనిస్తూ ఉండాలి, చేత్తో తడిమితే చాలా, అల్ట్రాసౌండ్ కూడా కావాలా అన్నదాన్ని కూడా అదే ట్రయల్లో ఒక ప్రశ్నగా పెట్టుకోవడం నాకు ఇంకా నచ్చింది.

కత్తి పట్టినవాడికి తన చేతి మీద నమ్మకం ఉంటుంది. ఏ రోగికి ఏది మంచిదో నాకు తెలుసు అనుకోకపోతే థియేటర్‌లో అడుగు పెట్టలేం. ఆ నమ్మకాన్ని పదేళ్ళు పక్కన పెట్టి, నాకు తెలియదు, రోగుల్ని గమనించి తేల్చుకుందాం అనడానికి చాలా ధైర్యం కావాలి. ఇది నిండు మనసుతో అంటున్నాను.

మా దగ్గర ఫాలోఅప్ తప్పిపోయేది ఎక్కువగా బాగున్నవాళ్ళే. ఫోన్ చేస్తే, "తగ్గిపోనాది కదా బాబూ, మరెందుకు రావడం?" అంటారు. ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది, తోడు ఇంకొకరు రావాలి. వాళ్ళు అన్నదాంట్లో న్యాయముంది. కానీ బాధ ఉన్నవాళ్ళే తిరిగొస్తే మా లెక్కలో మందు ఉన్నదానికన్నా చెడ్డగా కనిపిస్తుంది. బాధ భరించలేనివాళ్ళు వేరే ఆసుపత్రికి పోతే ఉన్నదానికన్నా మంచిగా కనిపిస్తుంది. అందుకే ఛార్జీ, కూలి డబ్బులు బడ్జెట్‌లో మొదటి వరసలో రాయమంటాను. ఫోన్ నంబరు ఒకటి చాలదు. కొడుకుదో, ఊళ్ళో కిరాణా కొట్టుదో ఇంకోటి కూడా, రోగి ఒప్పుకుంటేనే, తీసుకోమంటాను.

ఈ ఏడాది మా విభాగంలో వక్క, గుట్కాలతో నోరు బిగుసుకుపోయినవాళ్ళకి థీసిస్‌లతో సంబంధం లేకుండా ఒక రిజిస్టరు తెరిచాం. ఈ జబ్బు కొందరిలో క్యాన్సర్‌కి దారితీస్తుంది. దానికి పట్టే కాలం ఏ ఎండీఎస్ కోర్సుకీ లొంగదు. రిజిస్టరు విభాగానిది, ఏ ఒక్కరిదీ కాదు. కోర్సు ముగించి వెళ్ళే పీజీ తన రోగుల్ని తర్వాతి బ్యాచ్ పీజీకి పేరుపేరునా, ఎదురెదురుగా పరిచయం చేసి వెళ్ళాలి. ఆ పరిచయాలు అయ్యాకే నేను థీసిస్ మీద సంతకం పెడతాను.