గ్రహణం, గ్రహణం మొర్రి

2025 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. ఆ మధ్యాహ్నమే తిరుమల ఆలయ ద్వారాలు మూసివేశారు. తిరుపతికి సమీపంలోని శ్రీకాళహస్తిలో మాత్రం గ్రహణవేళ గుడి తెరచి ఉంచి అభిషేకాలు జరపడం ఆచారం. ఎవరి ఆరాధనా నియమం వారిది. అది ఇక్కడ విమర్శకు విషయం కాదు. విమర్శించవలసింది మతభేదం లేకుండా ఇళ్లలో పాతుకుపోయిన భయాన్ని.

రాహువు చంద్రుని మింగుతాడని ఈ దేశపు కథ. ఉత్తర ఐరోపా కథలో చంద్రుని తరిమేది తోడేలు. చైనా కథలో మింగేది డ్రాగన్. తెలియని దానికి మానవుడు కల్పించుకున్న రూపాలివి. తెలిసిన పిమ్మట కూడా భయం నిలిచి ఉండటమే విచిత్రం. చంద్రగ్రహణం భూమి నీడవల్ల కలుగుతుందని ఆర్యభటుడు 499లోనే చెప్పాడు. బ్రహ్మగుప్తునికీ ఆ సంగతి తెలుసు. అయినా రాహువు కథను సమర్థిస్తూ వ్రాశాడు. సుమారు 1030లో అల్‌బీరూనీ హిందూదేశాన్ని గూర్చిన తన గ్రంథంలో ఆయనను ఇందుకే తప్పు పట్టాడు. సోక్రటీసుకు పట్టిన గతివంటి ఆపదే ఇందుకు కారణమై ఉండవచ్చునని ఊహించాడు.

ఈ మందలింపు పరుల కోసమేనని ముస్లింలు ఊరుకోరాదు. గ్రహణం రాత్రి గర్భిణిని కదలనివ్వకుండా పడుకోబెట్టి, కత్తి పట్టనివ్వని ముస్లిం ఇళ్లూ ఉన్నాయి. చీలిన పెదవితో బిడ్డ పుడితే తెలుగులో దానిని ‘గ్రహణం మొర్రి’ అంటారు. ఆ మాటలోనే తీర్పు ఉంది: తల్లి ఏదో కోసింది, బిడ్డ పెదవి తెగింది. కాని పెదవి రూపుదిద్దుకునేది గర్భంలో నాలుగు నుండి ఏడు వారాల నడుమ. అప్పటికి గర్భం సంగతే తెలియని స్త్రీలు ఎందరో! ఏడవ నెలలో కత్తి దాచి ప్రయోజనమేమి? శస్త్రచికిత్సతో పెదవి కుదురుతుంది. తల్లిపై పడిన నింద అంత సులభంగా తొలగదు.

దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే మరణించిన రోజున, హిజ్రీ 10వ సంవత్సరంలో, సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే పట్టిందని జనం అనుకున్నారు. ఆ మాట ఆయన గౌరవాన్ని పెంచేదే. అయినా పుత్రశోకంలో ఉండి కూడా ఆయన దానిని సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలలో రెండు అనీ, ఎవరి చావుకుగాని బ్రతుకుకుగాని వాటికి గ్రహణం పట్టదనీ బోధించి, నమాజు చేయమన్నారు.

ఈ హదీసును మస్జిదులో వినిపించే పండితుడు, ఇంట భయంతో పడుకున్న కోడలికీ, ఆమెను పడుకోబెట్టిన అత్తగారికీ కూడా వినిపించాలి. తెలిసీ మౌనం వహిస్తే అల్‌బీరూనీ మందలింపు బ్రహ్మగుప్తునితో ఆగదు.