ట్యాంకు మీద అయిదు స్క్రూలు

డీజిల్ మీటరు పనిచేయకపోయినా పాత లారీ ఆగదు. ట్యాంకులో పుల్ల ముంచి, తడిసినంత మేర చూసుకుని, అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడుతో బయల్దేరే డ్రైవర్లున్నారు. లెక్క తప్పితేనే తంటా. క్యానుతో డీజిలు తెచ్చి పోసినంత మాత్రాన బండి స్టార్టవదు. పైపుల్లో గాలి పట్టేసి ఉంటుంది. చేతి పంపు కొడుతూ, నురగ పోయి నికార్సయిన డీజిలు వచ్చేదాకా ఎయిరు తీయాలి. అందుకే మీటరులోని ఆ చిన్న ముల్లును బాగుచేసే ఆటో ఎలక్ట్రీషియన్ పని దగ్గర నిలబడి చూడదగ్గది.

మంచి పనివాడు ముందుగా డాష్‌బోర్డు విప్పడు, ట్యాంకు దగ్గరికి వంగుతాడు. మీటరు నుంచి అక్కడికి వచ్చేది ఒక్కటే వైరు. కరెంటు తిరిగి వెళ్లే దారి ఛాసిస్ ఇనుమే. సముద్రపు గాలి, వానాకాలపు చెమ్మ ఉన్న కోనసీమలో తుప్పుకు కొదవేముంది! ఎర్త్ బోల్టు కింద తుప్పు పొర పట్టిందంటే, మిగతావన్నీ బాగున్నా ముల్లు అబద్ధమే చెబుతుంది. ఉప్పుకాగితంతో రుద్ది, ఇనుము తెల్లగా తేలాక బిగిస్తాడు. ఒక్కోసారి పని అక్కడితో సరి. పెద్ద బిల్లు రాని చోటునే ముందు వెతకడం నాకు నైపుణ్యం కన్నా గొప్పగా కనిపిస్తుంది.

తప్పు అక్కడ లేకపోతే, ట్యాంకులో డీజిలు మట్టాన్ని మీటరుకు చెప్పే యూనిట్ వైరు ఊడదీసి, మధ్యలో చిన్న బల్బు పెట్టి ఛాసిస్‌కు తాకిస్తాడు. ముల్లు కదిలితే మీటరూ వైరూ మంచివే, జబ్బు ట్యాంకులో ఉన్నట్టు. బల్బు లేకుండా నేరుగా తాకించి ఉంచితే కొన్ని మీటర్ల కాయిల్ మాడిపోతుంది. వేడికి వంగే రేకుతో నడిచే పాత మీటర్లలో ముల్లు తాపీగా లేస్తుంది, తొందరపడకూడదు. గతుకుల్లో డీజిలు ఊగినా అది తొణకనిది ఆ నిదానం వల్లే.

ఇక అయిదు స్క్రూలు విప్పి యూనిట్ పైకి తీస్తాడు. ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి చూస్తాడు. లోపల గలగలమంటే సూది బెజ్జం పడి మునుగుతోందన్నమాట. వేడినీళ్లలో ముంచితే బుడగలే ఆ బెజ్జం చూపిస్తాయి. డీజిలంతా కార్చి, కడిగి ఆరబెట్టాకే టంకం. అదీ పలచగా వేయాలి, లేకపోతే ఫ్లోట్ బరువెక్కుతుంది. తర్వాత చూసేది యూనిట్‌లోని సన్నటి తీగ చుట్టిన పలక. ట్యాంకు ఎప్పుడూ పావుకీ సగానికీ మధ్య ఉండే లారీలో ఆ మేరే ముందు అరుగుతుంది, ముల్లు అక్కడికొచ్చి టక్కున పడిపోతుంది. తీగ మీద జారే రేకును వెంట్రుకవాసి పక్కకు వంచి, అరగని గీత మీదికి మళ్లిస్తాడు.

కొత్త యూనిట్ కొనొచ్చు కదా అంటారు. కొనొచ్చు. కానీ ఒక రకం యూనిట్, ట్యాంకు ఖాళీ అయితే 10 ఓమ్‌లు, నిండితే 180 ఇస్తుంది. మరో రకం ఖాళీకి 73, నిండితే 10. మీటరు ఏ రకానిదో చూసుకోకుండా బిగిస్తే ముల్లు తలకిందులుగా నడుస్తుంది.

చివర్లో ఫ్లోట్ చేతిని రవ్వంత పైకి వంచుతాడు. అడుగున కాసిని లీటర్లు ఉండగానే ముల్లు సున్నా చూపించేటట్టు. చించినాడ వంతెన దాటి అవతలి బంకు చేరడానికి ఆ కాసినీ సరిపోతాయి.