పాత పెన్నీలపై ఒక బిరుదు
బ్రిటన్‌లో దశాంశ పద్ధతికి పూర్వం చలామణీలో ఉన్న నాణేలను సేకరించేవారు ప్రధానంగా రెండు విషయాలు గమనిస్తారు: నాణెం ఎంత అరుదైనది, ఎంత అరిగినది. ధరల పట్టికలకూ ఈ రెండే కొలమానాలు. అందుకే 1933 నాటి పెన్నీ అందరికీ అందని మ్రానిపండు అయింది. వేళ్ళపై లెక్కించదగినన్ని మాత్రమే ముద్రితమైన ఆ నాణెం తన కొరతను తప్ప మరి దేనినీ చాటదు. స్వల్పమైన ధరకు దొరికే 1948, 1949 పెన్నీలను పక్కపక్కన ఉంచి చూస్తే చరిత్ర విద్యార్థికి అంతకంటె ఎక్కువ లాభం.

రెండింటిపైనా ఒకవైపు ఆరవ జార్జి ముఖం, రెండవవైపు త్రిశూలధారిణి బ్రిటానియా. భేదమంతా రాజు తల చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలలో ఉంది. 1948 పెన్నీపై బిరుదావళి చివర ‘ఇండ్ ఇంప్’ అనే పొడి మాటలున్నాయి. భారత చక్రవర్తి అని వాటి అర్థం. 1949 పెన్నీపై అవి లేవు. ఖాళీ అయిన జాగాను టంకశాల వృథా పోనివ్వలేదు. అంతవరకు ‘ఎఫ్ డి’ అనే రెండక్షరాలలో ఒదిగిన ‘మత సంరక్షకుడు’ అనే బిరుదును ‘ఫిదేయ్ డెఫ్’ అని సాగదీసింది. సామ్రాజ్యం లేచిపోయిన చోట మతం కాస్త కాళ్ళు చాపుకొన్నదన్నమాట!

ఆ బిరుదు రాక కూడా విచిత్రమైనదే. 1876లో చట్టం వచ్చిన మరుసటి యేడే, 1877లో, భారతదేశపు రూపాయిపై విక్టోరియా చక్రవర్తిని అయింది. స్వదేశంలో మాత్రం వెండి బంగారు నాణేలపైకి 1893లో, థామస్ బ్రాక్ రూపొందించిన మేలిముసుగు ప్రతిమతోపాటు, ఆ బిరుదు ప్రవేశించింది. కంచు పెన్నీని చేరేసరికి 1895 వచ్చింది. పాలితుల చేతికి ముందు, పాలకుల ప్రజల చేతికి తరువాత!

1948 జూన్‌లో రాజు బిరుదును వదులుకున్నా, దానిని ధరించిన పెన్నీలను ఎవరూ వెనక్కు పిలవలేదు. మనం 1957 ఏప్రిల్ 1న అణాలు, దమ్మిడీల లెక్కను విడిచి నయాపైసలకు మారాము. బ్రిటన్ 1971 ఫిబ్రవరి 15 వరకు 12 పెన్నీల షిల్లింగును, 20 షిల్లింగుల పౌనును విడువలేదు. అంతకాలమూ లండన్ బజారులో భారత చక్రవర్తి రొట్టె కొనుక్కుంటూనే ఉన్నాడు.

ఈ దృష్టితో చూస్తే, అరుగుదలను దోషంగా లెక్కించే సేకరణకర్తల సంప్రదాయం పునరాలోచించదగినది. టంకశాల మెరుపు చెదరని నాణెం ఏ వస్తువునూ కొనలేదు, ఏ చేతిలోనూ నలగలేదు. ప్రతిమా శిల్పాన్ని పరిశీలించేవారికి అది అవసరమే, కాదనలేము. కాని వాడుక చరిత్ర కావలసినవారు అరిగిన పెన్నీనే ఎంచుకోవాలి. ఉబ్బెత్తుగా ఉండే జుట్టు, చెవి మొదట అరుగుతాయి. అంచు చాటున ఉండే అక్షరాలు తరచు చాలాకాలం నిలుస్తాయి. అటువంటి పెన్నీపై భూతద్దం పెడితే రాజు పోలిక ఆనవాలు పట్టలేకపోయినా ‘ఇండ్ ఇంప్’ చదవవచ్చు.