ఒకే పుట, పలు దృశ్యములు: సమాచారమును ఎచట ఉంచవలెను?

మా వీధి చివరనున్న ఇంటర్నెట్ కేంద్రమున ఒక విద్యార్థిని ఉపకారవేతనమునకై దరఖాస్తు నింపుచుండగా నేను ప్రక్కన కూర్చుంటిని. పేరు, తండ్రి పేరు, తరగతి, మార్కులు, బ్యాంకు ఖాతా సంఖ్య - ఇట్లు అయిదు పుటలు నింపవలసి యుండెను. నాల్గవ పుటలో నుండగా రెండవ పుటలో ఒక తప్పు దొర్లినట్లు ఆమెకు జ్ఞాపకము వచ్చినది. బ్రౌజరు పైభాగముననున్న వెనుకకు పోవు బాణమును నొక్కినది. రెండవ పుటకు మారుగా ఆ కార్యాలయపు ముఖపత్రము ప్రత్యక్షమైనది. కంగారుపడి ముందుకు పోవు బాణమును నొక్కగా దరఖాస్తు మొదటి పుట తెల్లగా, శూన్యముగా తెరచుకొన్నది. గంటసేపటి శ్రమ గాలిలో కలిసిపోయినది.

"నేనేం తప్పు చేశాను మాస్టారూ?" అని ఆమె అడిగినది.

ఆమె చేసిన తప్పేమియు లేదు. వెనుకటి పుటకు పోవలెనన్నచో వెనుకకు పోవు బాణమును నొక్కక మరి దేనిని నొక్కవలెను? తప్పు ఆ దరఖాస్తును నిర్మించిన వారిది. ఆ తప్పు ఎట్టిదో, అది యింత తరచుగా ఎందులకు జరుగుచున్నదో విచారించుట ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట వెబ్ స్వభావమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్ లీ 1989లో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో బ్రౌజరు ఒక చిరునామాను పంపును. సర్వరు ఆ చిరునామా గల పుటను తిరిగి యిచ్చును. అంతటితో ఆ వ్యవహారము ముగియును. మరుక్షణమున అదే బ్రౌజరు మరియొక పుటను కోరినను, ఇంతకు ముందు వచ్చినది వీరేయని సర్వరునకు జ్ఞాపకముండదు. ఈ మతిమరుపు లోపము కాదు, బుద్ధిపూర్వకముగా చేసిన ఏర్పాటు. ప్రతివానిని గుర్తుంచుకొనవలసిన పని లేకపోవుటచేతనే ఒక సర్వరు వేలకొలది మందికి సమాధానము చెప్పగలుగుచున్నది.

అయితే మొదటి పుటలో చెప్పిన పేరు రెండవ పుటకు చేరుటెట్లు? చిరునామా చివర ఒక ప్రశ్నార్థకమును పెట్టి దాని తరువాత "తరగతి=9" అని వ్రాసి పంపుట ఒక ఉపాయము. ఫారములో కంటికి కనబడని గడులలో దాచి పంపుట మరియొకటి. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచున్న లూ మాంటుల్లి కనిపెట్టిన కుకీ మూడవది. కుకీ యనగా సర్వరు వ్రాసియిచ్చిన చిన్న చీటీ. బ్రౌజరు దానిని భద్రపరచి, ఆ సర్వరు వద్దకు పోయిన ప్రతిసారియు చూపించును. ఆస్పత్రిలో మనము చేతబట్టుకొని తిరుగు ఓ.పి. చీటీ వంటిదే యిది; వైద్యునకు మనము జ్ఞాపకము లేకపోయినను చీటీలోని సంఖ్యను బట్టి మన కాగితములను వెదకి తీయగలడు.

ఇక ఏకపుట అనువర్తనము. దీనినే సింగిల్ పేజ్ అప్లికేషన్ అందురు. పాత పద్ధతి రంగస్థల నాటకము వంటిది. అంకము మారినప్పుడెల్ల తెర పడును, రంగము మార్చుదురు, మరల తెర లేచును. ఏకపుట పద్ధతి హరికథ వంటిది. దాసుగారు ఒక్కరే, వేదికయు ఒక్కటే. ఆయనయే రాముడు, ఆయనయే రావణుడు. తెర పడదు, కథ ఆగదు. బ్రౌజరు మొదట ఒక్కసారి పుటను, దానితోపాటు జావాస్క్రిప్టు భాషలో వ్రాసిన ప్రోగ్రామును తెచ్చుకొనును. తరువాత మనము ఏ మీటను నొక్కినను ఆ ప్రోగ్రామే తెరపైనున్న దృశ్యమును మార్చుచు, కావలసిన కొద్ది సమాచారమును మాత్రము తెరవెనుక సర్వరు నుండి తెప్పించుకొనును. 2004లో వచ్చిన జీమెయిల్, 2005లో వచ్చిన గూగుల్ పటములు ఈ పద్ధతిని లోకమునకు రుచి చూపినవి. పటమును వ్రేలితో జరిపినట్లుగా మౌసుతో జరుపుచుండగా పుట తిరిగి రాకుండగనే క్రొత్త ఊళ్ళు వచ్చి చేరుట ఆనాడు వింతగా తోచెను. ఈ పద్ధతికి గల గుణమును ఎవరును కాదనజాలరు.

ఇచట పుట నిజముగా మారుటలేదు గనుక, ఒక దృశ్యములోని సమాచారమును మరియొక దృశ్యమునకు అందించుట మిక్కిలి సులభమని తోచును. ప్రోగ్రాము జ్ఞాపకశక్తిలో ఒక పెట్టె నుంచుకొని అందులో వేసిన చాలును. ఏ దృశ్యమైనను దానిని తెరచి చూచుకొనవచ్చును. 2013లో వెలువడిన రియాక్ట్, 2015లో వచ్చిన రెడక్స్ మొదలగు సాధనములతో పని నేర్చుకొన్న యువకులు పలువురు ఈ పెట్టెనే సర్వరోగ నివారిణిగా భావించుచున్నారు. నా విమర్శ యంతయు ఈ భావమును గూర్చియే.

దాసుగారు కథ మధ్యలో స్పృహ తప్పినచో కథ ఎంతవరకు వచ్చినదో చెప్పువారెవరు? బ్రౌజరులో పుటను తిరిగి తెప్పించుకొను మీటను నొక్కగానే జరుగునది సరిగా ఇదియే. ప్రోగ్రాము మొదటి నుండి మరల ఆరంభమగును, పెట్టె ఖాళీయగును. ఫోనులో వేరొక పని చూచుకొని తిరిగి వచ్చునప్పటికి, స్థలము చాలక ఫోను తానే ఆ పుటను తీసివేసి యుండవచ్చును. అప్పుడును ఇదే గతి. కావున సమాచారమును తరువాతి దృశ్యమునకు ఎట్లు పంపవలెను అని అడుగుట సగము ప్రశ్న మాత్రమే. అది తరువాత ఎవరివద్ద, ఎంతకాలము ఉండవలెను అన్నది అసలు ప్రశ్న.

గూగుల్ పటముల చరిత్రయే దీనికి చక్కని నిదర్శనము. తొలినాళ్ళలో పటమును ఎంత దూరము జరిపినను పైనున్న చిరునామా మారెడిది కాదు. చూచుచున్న స్థలమును మిత్రునకు పంపవలెనన్నచో "ఈ పుటకు లింకు" అను మాటను ప్రత్యేకముగా నొక్కి, క్రొత్త చిరునామాను పుట్టించుకొనవలసి యుండెను. ఇప్పుడట్లు కాదు. పటము జరిగిన కొలది అక్షాంశ రేఖాంశములును, ఎంత దగ్గరగా చూచుచున్నామో తెలుపు అంకెయు చిరునామాలో తమంతట తామే మారుచుండును. పటము పెట్టెలోనిది కాదు, ఇతరులకు ఇవ్వదగినది అని గ్రహించిన తరువాత వచ్చిన మార్పు ఇది.

చిరునామాను మార్చుట యొకప్పుడు కష్టమే. ప్రోగ్రాము చిరునామాను మార్చినచో బ్రౌజరు వెంటనే సర్వరు వద్దకు పరుగెత్తెడిది, ఏకపుట భంగమయ్యెడిది. దీనికి ఒక చిట్కా కనిపెట్టిరి. చిరునామాలో # గుర్తు తరువాతి భాగము సర్వరునకు చేరదు. అది పుటలోని ఒక చోటును సూచించుటకు ఏర్పడినది. ఆ భాగమును మార్చినను బ్రౌజరు కదలదు గనుక సమాచారమునంతయు అచట వ్రాయసాగిరి. 2009లో గూగుల్ సంస్థ ఇట్టి పుటలను తన వెదకుడు యంత్రము చదువుటకై # ప్రక్కన ఆశ్చర్యార్థకమును చేర్చు పద్ధతిని సూచించెను. 2010లో ట్విట్టర్ తన క్రొత్త రూపమున దానిని స్వీకరించెను.

ఈ చిట్కాలోని చిక్కు దాని నిర్వచనములోనే యున్నది. సర్వరునకు చేరని చిరునామాను సర్వరు ఎట్లు చదువగలదు? మొదట ఖాళీ పుట రావలెను. పిమ్మట ప్రోగ్రాము రావలెను. అది మేల్కొని # తరువాతి భాగమును చదివి, మరల సర్వరును అడిగి అసలు విషయమును తేవలెను. ప్రోగ్రాములో ఒక్క దోషమున్నను ఏమియు కనబడదు. 2011 ఫిబ్రవరిలో గాకర్ సంస్థవారి వెబ్‌సైట్లు ఇట్టి మార్పు చేసిన కొలదికాలమునకే జావాస్క్రిప్టు దోషమువలన తెల్లపుటలై నిలిచినవి. అందలి వ్యాసములు కేవలము చదువుకొనవలసిన అక్షరములు! వానికి ఈ ఆడంబరమెందులకు? ట్విట్టర్ వారు 2012లో వెనుకకు తగ్గి, మొదటి పుటను సర్వరులోనే సిద్ధపరచి పంపు పద్ధతికి మరలిరి. అందువలన తొలిపుట వచ్చు కాలము అయిదవ వంతునకు తగ్గినదని వారే ప్రకటించిరి. గూగుల్ సైతము 2015లో తన సూచనను విరమించుకొన్నది.

ఈలోపుగా సరియైన పరికరము వచ్చినది. బ్రౌజరు చరిత్రలో క్రొత్త చిరునామాను చేర్చుచు, సర్వరు వద్దకు పోకుండ నిలుచు "పుష్‌స్టేట్" అను ఏర్పాటు 2010 నుండి బ్రౌజర్లలో ప్రవేశించినది. దృశ్యము మారినప్పుడెల్ల ప్రోగ్రాము ఒక చిరునామాను చరిత్రలో చేర్చును. వెనుకకు పోవు బాణమును నొక్కినప్పుడు బ్రౌజరు ఆ సంగతిని ప్రోగ్రామునకు తెలుపును. ప్రోగ్రాము పాత దృశ్యమును చూపును. మా వీధి దరఖాస్తులో ఈ పని చేయలేదు. బ్రౌజరు దృష్టిలో ఆ బాలిక అయిదు పుటల మధ్య తిరుగుటయే లేదు. ఒక్క పుటలో కూర్చున్నది. బాణము నొక్కగానే ఆ ఒక్క పుట నుండియే బయటకు గెంటివేయబడినది.

అట్లని సమస్తమును చిరునామాలో వ్రాయుమని నేను చెప్పను. ఆ అతి కూడ చూచుచున్నాము. చిరునామా పోస్టుకార్డు వంటిదని కొందరు ఉపాధ్యాయులు చెప్పుదురు. ఉపమానము సగమే సరి. నేటి గుప్తలిపి మార్గమున దారిలోనివారు చిరునామా లోపలి భాగమును చదువజాలరు. కాని రెండు కొసలయందు అది నిలిచిపోవును: ఇచట బ్రౌజరు చరిత్రలో, అచట సర్వరు దినచర్య పుస్తకములో. బ్యాంకు ఖాతా సంఖ్యను అందులో వ్రాసినచో తరువాత ఆ కుర్చీలో కూర్చున్నవాడు చూడగలడు. అంతేకాదు, చిరునామాను ఎవరైనను దిద్దవచ్చును. హాల్‌టికెట్టు సంఖ్యలోని ఒక అంకెను మార్చి పొరుగువాని మార్కులను చూచు చిలిపి విద్యార్థులు లేకపోలేదు. చూచువానికి హక్కు కలదా యని ప్రతిసారియు సర్వరే విచారించవలెను.

విద్యార్థులు సరదాగా గమనింపదగిన సంగతులు రెండు. చిరునామాలో నుండి తీసిన 9 జావాస్క్రిప్టు దృష్టిలో సంఖ్య కాదు, అక్షరము. దానికి 1 కలిపినచో 10 రాదు, 91 వచ్చును! మొదట సంఖ్యగా మార్చుకొనవలెను. రెండవది మన లిపికి సంబంధించినది. యూనికోడులో ప్రతి తెలుగు సంకేతము యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు ఆక్రమించును. చిరునామాలో ఒక్కొక్క బైటును శాతపు గుర్తుతోను, రెండు అంకెలతోను వ్రాయుదురు. అనగా సంకేతమునకు 9 గుర్తులు. "తెలుగు" అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిసి 6 సంకేతములు. బ్రౌజరు పైన ముద్దుగా తెలుగులోనే చూపినను, పంపునది 54 గుర్తులు. తెలుగు కవితను చిరునామాలో పెట్టి పంపదలచినవారు ఈ లెక్కను వేసికొనుట మంచిది.

మిగిలినవి బ్రౌజరులోని రెండు గూళ్ళు. సెషన్ స్టోరేజ్ అనునది ఆ ట్యాబు తెరచియున్నంతవరకే. పుటను తిరిగి తెప్పించినను నిలుచును, ట్యాబు మూయగానే పోవును. లోకల్ స్టోరేజ్ బ్రౌజరును మూసినను పోదు. రెంటను అక్షరములే పట్టును. సాధారణముగా సుమారు 5 మెగాబైట్ల వరకు చోటుండును. రెండవదానిని కొందరు నిర్మాతలు ఉదారముగా వాడుచున్నారు. తమ సొంత కంప్యూటరుపై పనిచేయువారికి దానిలోని చిక్కు తోచదు. పాఠశాల ప్రయోగశాలలో ఒకే యంత్రము ముందు దినమునకు పదిమంది పిల్లలు కూర్చుందురు. మొదటివాని చిత్తుప్రతి రెండవవానికి తెరచిన పుస్తకమగును.

ఇక ఆ దరఖాస్తు ఎట్లుండవలసినది? ఏ మెట్టులో నున్నామో తెలుపు అంకె చిరునామాలో నుండవలెను. అప్పుడు బాణము పనిచేయును. నింపిన చిత్తుప్రతి ప్రతి మెట్టు చివర సర్వరులో, ఆ విద్యార్థిని ఖాతా క్రింద భద్రమగుట మేలు; మరునాడు ఇంటి ఫోను నుండియైనను ముగించుకొనవచ్చును. విద్యుచ్ఛక్తియో, నెట్టో తెగిపోవుట మనకు క్రొత్త గాదు గనుక, మెట్టు మధ్యలో వ్రాసినది సెషన్ స్టోరేజిలో నుంచి, దరఖాస్తు పంపగానే తుడిచివేయవలెను. ఖాతా సంఖ్య చిరునామాలో ఎన్నడును కనబడరాదు. జ్ఞాపకశక్తిలోని పెట్టెకు మిగిలిన పని ఏ జాబితా తెరచియున్నది, ఏ గడిపై కర్సరున్నది వంటి పోయినను బాధలేని సంగతులే. ఇందులో విశేషమైన విద్య ఏమియు లేదు. నిర్మాత తన బల్ల వద్దగాక అద్దె కంప్యూటరు వద్ద ఒక గంట కూర్చున్న చాలును.

ఉపాధ్యాయులు తరగతిలో చూపదగిన పరీక్ష యొకటి కలదు. విద్యార్థులకు పరిచయమైన ఏదేని వెబ్‌సైటులో రెండు మూడు ఎంపికలు చేయించి నాలుగు పనులు చేయించుడు: వెనుకకు పోయి ముందుకు వచ్చుట, పుటను తిరిగి తెప్పించుట, చిరునామాను నకలు చేసి వేరొక కంప్యూటరులో తెరచుట, ట్యాబును మూసి మరల తెరచుట. ప్రతి పని తరువాత ఏది నిలిచినది, ఏది పోయినది నల్లబల్లపై వ్రాయించుడు. ఆ పట్టికను చూచి, ఏ సమాచారమును ఏ చోట ఉంచిరో ప్రోగ్రామును చూడకుండగనే పిల్లలు చెప్పగలరు. మా బాలిక ఆ సాయంకాలము దరఖాస్తును మరల మొదటి నుండి నింపినది. ఈసారి మాత్రము ప్రతి పుటను ముందుగా నోటుపుస్తకములో వ్రాసికొన్నది.