దిల్‌సుఖ్‌నగర్‌లో గిరీశం డెమో క్లాసు

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ చేరేలోపు మధ్యలో వచ్చేవి రెండే స్టేషన్లు: విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి. ఆ కాస్త దూరంలో చదవగలిగేది రెండు మూడు పేజీలే. 2018 సెప్టెంబర్‌లో ఈ లైను మొదలైనప్పటి నుంచీ నా సంచిలో ‘కన్యాశుల్కం’ ఉంటోంది. వరసగా చదవను. ఎక్కడ తెరుచుకుంటే అక్కడే.

బస్సులో పోయే రోజుల్లో కోచింగ్ సెంటర్ల బోర్డులు చూడాలంటే తల పైకెత్తాల్సి వచ్చేది. మెట్రోలో అవి సరిగ్గా మన కళ్ళ ఎత్తుకి వస్తాయి. గ్రూప్స్, బ్యాంక్, డీఎస్సీ, సాఫ్ట్‌వేర్, స్పోకెన్ ఇంగ్లీష్. ఒకరోజు పుస్తకం రెండో అంకంలో తెరుచుకుంది. గిరీశం, వెంకటేశం ఇద్దరూ తల్లిదండ్రుల ముందు ఇంగ్లీషు మాట్లాడి చూపించే చోటు. తలెత్తితే కిటికీ బయట ఒక బోర్డు: ‘ఫ్రీ డెమో’. ఆ తర్వాత ఆ పేజీ నాకు మునుపటిలా నవ్వు తెప్పించలేదు.

ఎందుకో చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పుకోక తప్పదు. చదువైపోయి ఉద్యోగం రాని రోజుల్లో ఇక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పాను. నాకొచ్చిన ఇంగ్లీషు ఎంతో నాకు తెలుసు. డెమో రోజున మాత్రం టై కట్టుకునేవాణ్ణి. దేవరకొండ వైపు నుంచి ఒకాయన కొడుకుని వెంటబెట్టుకొచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. అంతా అయ్యాక, “సార్, మా పోరడు మీతోని ఇంగ్లీషుల మాట్లాడితే ఒక్కసారి ఇంట” అన్నాడు. ఆ పిల్లాడికి, నాకు ఇద్దరికీ బట్టీ వచ్చిన నాలుగు వాక్యాలు అటూ ఇటూ వేసుకున్నాం. ఆయన మొహం వెలిగిపోయింది. కిందికి పోయి ఫీజు కట్టాడు.

గురజాడ రాసిన సీను కూడా అచ్చంగా ఇదే. క్రిస్మస్ సెలవుల్లో, విజయనగరంలో అప్పులవాళ్ళ బాధ తప్పించుకోడానికి, శిష్యుడికి చదువు చెప్పే వంకతో గిరీశం కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. పరీక్ష తప్పిన సంగతి శిష్యుడు దాస్తాడు, గురువు కాపాడతాడు. తల్లి వెంకమ్మ ముచ్చటపడి వీళ్ళ ఇంగ్లీషు వినాలంటుంది. చిన్నపిల్లల పద్యాలూ పాఠాల ముక్కలూ కలిపి ఇద్దరూ సంభాషణ నడిపిస్తారు. కొనాల్సిన పుస్తకాల జాబితా కూడా ఒకటుంది. అందులో లోకంలో లేని పుస్తకాలూ కలిసిపోయి ఉంటాయి. ఇప్పుడు దాన్నే ‘మెటీరియల్ చార్జెస్’ అంటున్నాం.

మనం ‘కన్యాశుల్కం’ గురించి మాట్లాడితే గిరీశం దగ్గర మొదలుపెట్టి గిరీశం దగ్గరే ఆగుతాం. 1955లో సినిమా తీస్తే ఆ వేషం ఎన్టీఆర్‌కి ఇచ్చారంటేనే తెలుస్తోంది, ఆయన మనకు ఎంత ముద్దొచ్చాడో. నేనూ చాలా ఏళ్ళు అలాగే చదివాను. కానీ ఆ సీనులో నవ్వుకి ఒక షరతు ఉంది: ఇంగ్లీషు కాస్తయినా వచ్చినవాడే నవ్వగలడు. వెంకమ్మ నవ్వలేదు, ఆమె మురిసిపోతుంది. 1892లో విజయనగరంలో మొదటిసారి ఈ నాటకం ఆడినప్పుడు చూసినవాళ్ళలో కాస్తో కూస్తో ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. ఇవాళ్టికీ మనం వాళ్ళ కుర్చీల్లోనే కూర్చుని చూస్తున్నాం. వెనక బెంచీలోంచి చూస్తే అదే సీను వేరేలా ఉంటుంది.

అక్కణ్ణించి చూసినప్పుడు నాకు అర్థమైంది, గురజాడ వెంకమ్మని వెక్కిరించలేదని. ఆయన మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పినవాడు. ఇంగ్లీషు చదువు ఎవరికి ఏం తెచ్చిపెడుతుందో దగ్గరుండి చూసినవాడు. ఖర్చు చూసి చిటపటలాడే అగ్నిహోత్రావధాన్లు కూడా కోర్టు కాగితాలు చదివిపెట్టేవాడు దొరికేసరికి మెత్తబడతాడు. అంటే ఆ ఇంట్లో ఇంగ్లీషు అవసరం నిజం. వెంకమ్మ ఆశ కూడా తప్పు కాదు. ఆమె వెళ్ళిన దుకాణమే తప్పు. దేవరకొండ ఆయనకీ అంతే. దిల్‌సుఖ్‌నగర్ అంతా మోసమని నేను అనను. ఇక్కడి ఇరుకు గదుల్లో చదివి నిజంగానే ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు నాకు తెలుసు. గిరీశంలో భయపెట్టేది అతని అబద్ధం కాదు. ఎదుటివాడి నిజమైన అవసరం మీద ఆ అబద్ధం నిలబడటం.

భాష సంగతి కూడా ఉంది. నల్లగొండ మాట విని పెరిగినవాడికి ఆ విజయనగరం యాస మొదట్లో కొరుకుడు పడదు. నాకూ పడలేదు. కానీ విజయవాడ బస్సులు ఆగే ఎల్బీ నగర్ చౌరస్తాలో పావుగంట నిలబడితే సూర్యాపేట, ఖమ్మం, గుంటూరు మాటలు అన్నీ చెవిన పడతాయి. ఆ చెవితో చదివితే నాటకం తేలికైంది. ఒకటి గమనించాను. చాలామంది పాత్రలకి ఒకటే మాటతీరు. గిరీశం మాత్రం మనిషిని బట్టి భాష మారుస్తాడు. డెమో క్లాసులో నేను చేసిందీ అదే: తండ్రితో తెలంగాణ, కొడుకుతో ఇంగ్లీషు, క్యాష్ కౌంటర్లో పుస్తకాల తెలుగు.

ఇక నేను చాలా ఆలస్యంగా చూసిన సంగతి బుచ్చమ్మ. ఆ ఇంట్లో కొడుకుకి ఇంగ్లీషు చదువు, ఆడపిల్లలకి ముసలి మొగుళ్ళు. పెద్దది వితంతువై ఇంటికొచ్చింది, చిన్నది సుబ్బిని లుబ్ధావధాన్లుకి అమ్మబోతున్నారు. పాఠం తమ్ముడికి, గాలం మాత్రం అక్కకి. వెంకటేశానికి చెబుతున్నట్టు గిరీశం చెప్పే కబుర్లు నిజానికి ఆమె చెవిన పడటానికే. మరి నాటకం చివర్లో చదువు దక్కేది ఎవరికి? వెంకటేశానికి కాదు. సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని పూనా వితంతు శరణాలయానికి పంపి చదివించాలంటాడు. అది 1896లో కర్వే మొదలుపెట్టిన సంస్థ. అంటే మన మొదటి గొప్ప ఆధునిక నాటకం ఒక ఆడపిల్లని దూరపు ఊరి హాస్టల్‌కి పంపడంతో ముగుస్తోంది! గిరీశం కథ అడ్డం తిరగడం మీద నవ్వుతూ మనం దీన్ని దాటేశాం.

ఒక అసంతృప్తి కూడా చెప్పాలి. ఆ నిర్ణయంలో బుచ్చమ్మ మాట మనకు వినపడదు. అగ్నిహోత్రావధాన్లు ఒకచోటికి పంపాడు, గిరీశం ఇంకోచోటికి లేపుకుపోయాడు, పంతులుగారు మరోచోటికి పంపుతున్నారు. వీళ్ళలో పంతులుగారే మంచివాడు, నిజమే. కానీ ఆమెని అడిగినవాడిగా మాత్రం ఆయన కూడా కనపడడు. 1909 కూర్పులో నాటకాన్ని దాదాపు కొత్తగా తిరగరాసిన గురజాడ, మధురవాణికి అంత నోరిచ్చిన గురజాడ, ఇక్కడ ఎందుకు ఆగిపోయాడా అనిపిస్తుంది.

చైతన్యపురిలో హాస్టల్ ఆడపిల్లలు గుంపుగా ఎక్కుతారు, చేతుల్లో కరెంట్ అఫైర్స్ పుస్తకాలతో. మొన్న పక్కన నిలబడ్డ ఒకమ్మాయి నా చేతిలో అట్ట చూసి, “అంకుల్, ఇది సిలబస్‌ల ఉందా?” అని అడిగింది. “నువ్వు రాసే పరీక్ష ఏందో నాకు తెల్వదమ్మా, కానీ చదువు, చివరి నుంచి మొదలుపెట్టు” అన్నాను. వింతగా చూసి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగిపోయింది. దేవరకొండ ఆయన కొడుకు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. రెండో అంకం తెరుచుకున్న రోజు మాత్రం గుర్తుకొస్తాడు.