బాత్‌టబ్‌లో గిన్నెలు కడిగిన రచయిత్రి

శనివారం రాత్రి నలుగురు భోజనానికి వస్తున్నారంటే, శుక్రవారం మధ్యాహ్నం నుంచే నాకు ఆఫీసు పని మీద ధ్యాస ఉండదు. ల్యాప్‌టాప్‌లో కోడ్ రివ్యూ, ఫోన్‌లో కూరగాయల లిస్టు. లేత వంకాయలు దొరుకుతాయా లేదా అన్నదే ఆ పూటకి అసలు బగ్. ఇలాంటివాడికి ఎవరో ఒకరు ఈ పుస్తకం ఎప్పుడో ఇచ్చుండాల్సింది. లారీ కాల్విన్ ‘హోమ్ కుకింగ్’ 1988లో వస్తే, నేను చదివింది పోయిన నెల.

కాల్విన్ కథలూ నవలలూ రాసిన మనిషి. ‘గూర్మే’ పత్రికలో వంట గురించీ రాసేది. 1992లో, 48 ఏళ్ళకే పోయింది. ఈ పుస్తకంలో రెసిపీలు ఉన్నాయి గానీ, కొలతల కోసం చదివేది కాదిది. పక్కింటావిడ పిట్టగోడ మీంచి కబుర్లు చెప్తున్నట్టుంటుంది.

అన్నిటికన్నా పేరుపడ్డ వ్యాసం వంకాయ మీద. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో ఒంటరిగా ఉన్న రోజులు. ఒక్కటే గది, రెండు బర్నర్ల హాట్‌ప్లేట్. వంటకి సింకంటూ లేదు. గిన్నెలు కడగడం, స్పగెట్టి వార్చడం అన్నీ బాత్‌టబ్‌లోనే. ఒక్కతే ఉంటే వంకాయ వేపుడు; వేడిగానో చల్లగానో, ఏ పూటైనా వంకాయే. ఆ గదికే మళ్ళీ మనుషుల్ని భోజనానికి పిలిచేది! అమీర్‌పేటలో ముగ్గురం ఒకే గదిలో ఉంటూ, ఎలక్ట్రిక్ కుకర్‌లో అన్నం వండి, అది పళ్ళేల్లోకి తీసేసి, అదే కుకర్‌లో పప్పు పెట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. అప్పుడూ ఎవరో ఒకరు వచ్చి తినిపోయేవాళ్ళు.

ఇప్పటి ఫుడ్ రీల్స్‌లో నాకు కనపడనిదీ, కాల్విన్ దగ్గర పుష్కలంగా ఉన్నదీ ఒకటుంది. వంట తగలడిన కథలు చెప్తుంది. నిమ్మకాయని నిమ్మకాయలాగే లోపల పెట్టి, కొవ్వు కలిపిన పిండితో మూసి ఉడికించే ససెక్స్ పాండ్ పుడ్డింగ్ అని ఒక ఇంగ్లీషు వంటకం ఉందిట. ఎంతో ముచ్చటపడి చేస్తే, తిన్నవాళ్ళకి అస్సలు ఎక్కలేదు. ఆవిడకి మాత్రం నచ్చింది! తిండి పేచీలున్న అతిథుల మీదా ఒక వ్యాసముంది. శనివారం నీచు ముట్టనివాడినీ, ఉల్లి తిననివాడినీ, ‘నేను కీటో’ అనేవాడినీ ఒకే రాత్రి పిలిచినవాళ్ళు తప్పక చదవాలి.

అయినా నాకు మనసు పూర్తిగా ఒప్పలేదు. తెలుగులో వంటింటి గురించి నేను మొదట చదివినవి విమల ‘వంటిల్లు’ కవిత, పి. సత్యవతి ‘ఇల్లలకగానే...’ కథ. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలిని చదివినవాడికి, కాల్విన్ సంబరం ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. శ్రీరమణ ‘మిథునం’ ఉందిగా అంటారేమో. ఉంది, నాకూ ఇష్టమే. కానీ అక్కడా లొట్టలు అప్పదాసువి, పొయ్యి బుచ్చిలక్ష్మిది.

మా ఇంట్లో ‘పదిమంది వస్తున్నారు’ అనే కబురు నాన్న తెచ్చేవారు, అమ్మ వినేది. పిలిచేది ఒకరు, వండేది ఇంకొకరు. కాల్విన్ విషయంలో ఆ రెండూ ఒకే మనిషి చేసేది. ఆవిడ ఆనందమంతా దానిమీదే నిలబడిందని నా అనుమానం. ఈ తేడా దగ్గర కాల్విన్ ఆగి ఆలోచించినట్టు నాకనిపించలేదు. కొంచెం దగ్గరకొచ్చేది పెద్దమొత్తంలో వండడం గురించి రాసిన వ్యాసంలోనే. 1968 కొలంబియా విద్యార్థుల ఆందోళనలో, తర్వాత ఇల్లు లేని ఆడవాళ్ళ కేంద్రంలో వండిన సంగతులవి. అక్కడ వంట ముచ్చట కాదు, పని. పుస్తకంలో నాకు బాగా నచ్చిన వ్యాసం అదే, వంకాయ అభిమానులు ఏమనుకున్నా సరే.

ఈమధ్య అమ్మ నా దగ్గరికొచ్చినప్పుడు ఎనిమిదిమందిని పిలిచాను. గుత్తి వంకాయ. ‘మగాడివైనా భలే చేశావ్’ అని ఒకటే పొగడ్త. అమ్మ సోఫా అంచున కూర్చుని, మూడుసార్లు లేచి వంటింట్లోకొచ్చింది. అందరితో పాటు కూర్చోమన్నా వినలేదు, చివర్లోనే తింది.

“ఎవరు నేర్పార్రా?”

“నువ్వే కదమ్మా.”

“నువ్వసలు వంటింట్లోకి ఎప్పుడొచ్చావని?”

నిజమే. యూట్యూబ్‌లో నేర్చుకున్నాను.

గిన్నెలు సర్దుతూ, నవ్వుతుందని కాల్విన్ బాత్‌టబ్ సంగతి చెప్పాను. నవ్వలేదు.

“అన్నీ వంగే కడగాలి కదరా. పాపం, నడుం పడిపోదూ?” అంది.