ప్రింటరుకు పెద్ద ఖాతా ఎందుకు?

ఈ వారం తిరుపతిలో ఒక ఆఫీసుకు పనిమీద పోయినాను. గుమాస్తా కంప్యూటర్‌లో ప్రింటరు మొరాయించింది. ఐటీ కుర్రాడు తన సీట్లోంచే రిమోట్ డెస్క్‌టాప్‌లో దూరి చిటికెలో సరిచేశాడు. దూరింది మాత్రం డొమైన్ అడ్మిన్ ఖాతాతో! "ఏం నాయనా, ప్రింటరుకు అంత పెద్ద ఖాతా ఎందుకు?" అంటే, "అన్నిటికీ ఒకటే అయితే సులువు సార్" అన్నాడు. ఒళ్లు మండింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాతపాట తెలుసు. అలా లాగిన్ అయితే ఆ ఖాతా ఆనవాళ్లు మామూలుగా ఆ కంప్యూటర్ మెమరీలో ఉంటాయి. ఏదో మెయిల్ వెంట వచ్చిన దొంగ అప్పటికే అక్కడ మాటు వేసి ఉంటే, వాటిని ఎత్తుకుని సర్వర్లన్నిటికీ యజమాని అవుతాడు. 2017 మే నెలలో వనాక్రై రాన్సమ్‌వేర్ మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లనూ వదల్లేదు. 2019 ఏప్రిల్ నెలాఖరులో తిరుపతి కేంద్రంగా నడిచే ఎస్పీడీసీఎల్‌తో పాటు రెండు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల మీద రాన్సమ్‌వేర్ పడి వెబ్‌సైట్లు ఆగిపోయాయి. పెద్ద ఖాతాలకు రిమోట్ డెస్క్‌టాప్ మూసేయాలని రాద్దామనే కూర్చున్నాను.

రాస్తుంటే తిరుమల కొండ మీది గుడి గుర్తొచ్చింది. తెల్లవారుజామున సన్నిధి గొల్ల దివిటీతో పోయి అర్చకస్వామిని గుడికి తోడుకొస్తాడు. తలుపు తీసే కుంచెకోల అర్చకుల దగ్గర ఉంటుంది. బంగారువాకిలి తెరిచాక దివిటీతో ముందు అడుగుపెట్టేది గొల్ల. సుప్రభాతం చదివేవారు వాకిలి ముందరే నిలబడతారు. ఎవరి హక్కు ఏ పనికో, ఏ వేళకో అందరికీ తెలుసు. ఇంత కట్టుదిట్టం ఉన్నా ఆ వాకిలి రోజూ తెరుచుకుంటుంది.

మన ఆఫీసుల్లో పెద్ద ఖాతాలకు రిమోట్ డెస్క్‌టాప్ మూసేస్తే ఏమవుతుంది? కుప్పం బ్రాంచిలో అర్ధరాత్రి సర్వరు పడిపోతే తిరుపతి నుంచి ఎవరు పోతారు? అక్కడివాళ్లతో ఎనీడెస్క్ దింపించి ఫోన్లో నంబరు చెప్పించుకుంటారు. అది లెక్కాపత్రం లేని దొడ్డిదారి. కాబట్టి తెరవాల్సిందే.

అయితే రోజువారీ ఖాతా, సర్వర్ల ఖాతా, డొమైన్ కంట్రోలర్ ఖాతా దేనికది వేరుగా ఉండాలి. డొమైన్ అడ్మిన్లు మామూలు కంప్యూటర్లలోకి రిమోట్‌గా రాకుండా గ్రూప్ పాలసీలో ఆపాలి. 3389 పోర్టు ఇంటర్నెట్‌కు కనిపించకూడదు. వీపీఎన్, ఓటీపీ దాటాక ఒక్క జంప్ సర్వర్ గుండానే దారి, వచ్చిపోయినవాళ్ల లాగ్ అక్కడే. విండోస్ సర్వర్ 2016 నుంచి గ్రూపు సభ్యత్వానికి గడువు కూడా పెట్టొచ్చు. గంటకిస్తే గంట తర్వాత దానంతటదే పోతుంది. చిన్నాచితకా రిపేర్లకు ల్యాప్స్ ఉంది. అది ప్రతి కంప్యూటర్‌లోని లోకల్ అడ్మిన్‌కు వేరే పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని మారుస్తూ ఉంటుంది. ఒకటి దొంగ చేతికి చిక్కినా దాంతో పక్క సీటు కంప్యూటర్‌లోకి పోలేడు.